ఫోనుకు ఇవతల కూర్చున్న అక్క

1989 ఆగస్టు ఒకటవ తేదీన పోలీసు కంట్రోల్ రూములో టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగ ప్రస్థానాన్ని ఆరంభించి, మనందరి చేత ‘అక్క’ అని ఆప్యాయంగా పిలిపించుకుంటున్న ఈ విదుషీమణి, అవతలివారి మాటకు అడ్డుపడని ఓర్పుతో అనతికాలంలోనే అధికారుల ప్రశంసలందుకున్నారు. ఇంట్లో మాత్రం ఆ ఓర్పు తమ కంటపడలేదని వారి భర్తగారి ఫిర్యాదు.

తదుపరి బందీల విడుదలకై సంప్రదింపులు జరిపే విభాగానికి బదిలీ అయి, సాటివారికి శిక్షణనిచ్చే బాధ్యతను స్వీకరించారు. పాత సామాన్ల గదిని ఖాళీ చేయించి, మధ్యలో చెక్క అడ్డు పెట్టించి, దానికి ఇరువైపులా రెండు ఫోన్లు అమర్చారు. వేషధారులకు నిధులు లేనందున బందీలను పట్టుకున్న దుండగుడి పాత్ర ప్రతిసారీ అక్కే ధరించేవారు. చెక్క వెనుక నుంచి ఆమె గర్జిస్తే కాకలు తీరిన ఇన్‌స్పెక్టర్లకు సైతం ముచ్చెమటలు పోసేవి.

ఒకనాడు, కాపురం చెడిన ఓ తండ్రి తన పసికూతురిని జిరాక్సు దుకాణంలో నిర్బంధించి, మెడపై కత్తి పెట్టాడు. ఎదురింటి వరండాలో అక్క పక్కన కూర్చోగా, ఆమె శిష్యుడు ఫోనందుకున్నాడు. పక్కన కూర్చున్నవారు ఫోను తీసుకోరాదు, చీటీ మాత్రమే రాసివ్వాలన్నది అక్క పెట్టిన నియమం. పాప ఏడుపు వినిపిస్తోంది.

“కాస్త ఆగు... అక్కా” అనేశాడు శిష్యుడు.

“అక్కేంట్రా? పక్కన ఎవరున్నారు? నాటకాలాడుతున్నారా?”

పాప కెవ్వుమంది. ఇన్నేళ్లూ తన గొంతుకే అందరినీ అలవాటు చేశానన్న సంగతి ఆ క్షణంలో అక్కకు తెలిసివచ్చింది. ‘ఉన్నదున్నట్టు చెప్పు’ అని వంకరటింకరగా రాసి ముందుకు తోశారు.

“మాకు ఈ పని నేర్పిన అక్క, అన్నా. రోజూ ఆమెతోనే మాట్లాడి అలవాటైపోయింది. భయంలో నోరుజారాను.”

“కత్తి నా చేతిలో ఉంటే నీకెందుకు భయం?”

“పాప కూడా నీ చేతిలోనే ఉంది కదన్నా.”

చాలాసేపు అటునుంచి మాట లేదు. తలుపు బద్దలుకొట్టడానికి బలగాలు కదలబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆ అక్కకి కూడా భయమేనా?”

“చేతులు వణుకుతున్నాయన్నా.”

“పాపని పంపిస్తా. దాని ముందు నన్ను కొట్టొద్దని చెప్పు.”

పాప క్షేమంగా బయటికొచ్చింది. అతన్ని ఎవరూ కొట్టలేదు. కొట్టనివ్వకుండా అక్కే అడ్డు నిలిచారు.

మరునాడే పై అధికారుల గది ముందు భీష్మించుక కూర్చుని, శిక్షణకు రంగస్థల నటులను, మనోవైద్యులను, ముక్కూమొహం తెలియని కొత్త గొంతులను సాధించుకున్నారు. నేడు ఏ శిష్యుడూ ఒక్క గొంతుకే అలవాటుపడటం లేదు.

ఈ మాసాంతాన పదవీ విరమణ చేయుచున్న అక్క, కుటుంబ సమేతంగా ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. రేపటి ఫోనుకు పక్కన మీరుండరన్న తలపు మాత్రం మమ్మల్ని వణికిస్తోంది. ఆ మాట దాచుకోకూడదని మీరే నేర్పారు కనుక, పైకే చెబుతున్నాం: భయంగా ఉందక్కా.