గోడలో కూసున్న వెల్డింగు మిషను

"అవ్వా, నేను గూడా ఇంటికాడ చిన్న షెడ్డేసుకోని, మూడు రకాల వెల్డింగు చేసే మిషను ఒకటి కొందామనుకుంటా ఉండా. మీ షెడ్డులో ఉండేది బాగుంది. గానీ అదేంది, గోడలో ఉండాది?"

కూసో అబ్బాయా, కూసో. నిలబడి అడిగే మాట గాదు అది. ఆ కుర్చీలో గాదు, దానికి ఒక కాలు సొట్ట. ఇట్టా మంచం మీద కూసో. ఎండన పడి ముత్తుకూరు నించి వచ్చినావు, ముందు మజ్జిగ తాగు. మా సుజాత బాగుండాదా? నా కూతురి కూతురని చెప్పడం గాదు గానీ, దాని చేతి పులుసు మాత్రం... సరే, అది నువ్వు తింటానే ఉండావు గదా. ఇదో, ఒక తూరి వాకిట్లోకి తొంగి చూడు. నా కొడుకుల బండ్లు ఉండాయా? లేవు గదా. ఇద్దరూ బయటికి పోయినారా? అయితే చెప్తా.

మిషను కొనేది నువ్వు అనుకున్నట్టు కాదు నాయనా. ఆ మిషను కొనింది నేను. అవును, నేనే. నవ్వబాక. మైపాడు నించి నెల్లూరికి ముప్పై ఏండ్లు చేపల గంప మోసినదాన్ని, నాకు బేరం నేర్పించాలా? ఆ రోజుల్లో రూపాయికి గంప అడుగు కనపడకుండా కానాగంత చేపలు వచ్చేవి. బస్సు కండక్టరు నాకొక టికెట్టు, గంపకొక టికెట్టు కొట్టేవాడు. గంపకి సీటు ఇయ్యి మరి అని నేను కొట్లాడేదాన్ని. ఒక తూరి ఇచ్చినాడు గూడా, పక్కన కూసున్న పంతులుగారు లేచి వెళ్లిపోయినాడు. ఏం చెప్తా ఉండా? ఆ, మిషను.

నా కొడుకులిద్దరూ వెల్డర్లే, నీకు తెలుసు. పెద్దోడు రమణయ్య, చిన్నోడు శీనయ్య. పోర్టు కాడ కాంట్రాక్టు పని చేసి చేసి, ఇంగ చాలని ఇంటెనక షెడ్డేసుకున్నారు. పెద్దోడిది కడ్డీ వెల్డింగు. కడ్డీ పట్టుకోని చిటచిట కాలుస్తాడు చూడు, అది. చిన్నోడిది తీగ వెల్డింగు. తుపాకీ మాదిరి దాంట్లోంచి తీగ దానంతట అదే వస్తా ఉంటాది, దాని చుట్టూ గ్యాసు వస్తా ఉంటాది. పెద్దోడేమో తీగది ముగ్గేసినట్టు చూడ్డానికే, బలం లేదంటాడు. చిన్నోడేమో కడ్డీది కాకిరెట్ట మాదిరి ఉంటాదంటాడు. అన్నం తింటా గూడా ఇదే గొడవ. నేను మధ్యలో కూరేస్తా ఉండేదాన్ని.

అప్పుడు ఈ వాకిలి గేటు చేసినారు. రెండు రెక్కలు గదా, ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. చిన్నోడు బాడుగ మిషను తెచ్చి, ఇదే వాకిట్లో, సముద్రం గాలి ఈడ్చి కొట్టేటప్పుడు తన రెక్కకి వెల్డింగు చేసినాడు. చూడ్డానికి నున్నగా ఉండింది. పెట్టిన వారానికే నా పొట్టేలు, పోలేరమ్మకి మొక్కుకున్న పొట్టేలు, ఆ కమ్మీల సందున తల దూర్చింది. దూర్చి ఒక్క గుంజు గుంజింది. నాలుగు కమ్మీలు ఊడి దాని మెడలోకి వచ్చినాయి. అది బెదిరిపోయి ఆ కమ్మీలతోనే ఊరంతా తిరిగి సముద్రం ఒడ్డుకి పోయింది. వలలు బాగుచేసుకుంటా ఉన్నోళ్లు లేచి దండం పెట్టినారంట, అమ్మవారు నగలు పెట్టి పంపించిందని.

అందరం నవ్వినాం. నేనూ నవ్వినా. పెద్దోడు నవ్వి ఊరుకుంటే పోయేది. "తమ్ముడా, హారం బాగా చేసినావు, నాకూ ఒకటి చెయ్యి" అన్నాడు, నలుగురిలో. అంతే అబ్బాయా. చిన్నోడు ఆ పూట నించి అన్నతో మాట్లాడలా. అన్న గూడా, వాడు పలకరిస్తే గదా నేను పలికేది అని బిగదీసుకున్నాడు. నువ్వు ఇందాక తోసుకోని వచ్చినావే, ఆ గేటుకి ఒక రెక్కే ఉండాది చూసినావా? ఊడదీసిన ఆ రెండోది ఎవురు పెట్టాల అనే మాట ఇంతవరకు తేలలా.

ఒకే పళ్లెంలో తిన్న బిడ్డలు నాయనా. వాళ్ల నాయన సముద్రంలో పోయినప్పుడు పెద్దోడు చిన్నోడిని ఎత్తుకోని ఒడ్డు పొడుగునా తిరిగినాడు. అట్టాటోళ్లు ఒకే ఇంట్లో ఎదురెదురుగా వస్తే గోడ వైపు తిరిగి పోతా ఉంటే నాకు ముద్ద దిగలా. పైగా ఎవురికి వాళ్లు మిషను కొంటామన్నారు. రెండు మిషన్లంటే రెండు షెడ్లు, రెండు షెడ్లంటే రెండు పొయ్యిలు. నాకు తెలీదా? ఈ ఇంట్లోకి ఒక్కటే మిషను వస్తాది, కడ్డీదీ తీగదీ అన్నీ దాంట్లోనే ఉండాల, నేనే కొంటా అన్నా. అట్టాటిది ఒకటి ఉంటాదని నాకు తెల్దు. కోపంలో అన్నా. తీరా చూస్తే ఉండాదంట.

ముగ్గురం నెల్లూరు పోయినాం. బస్సులో పెద్దోడు ముందర, చిన్నోడు ఎనక, నేను నడిమధ్య. షాపాయన "ఎవురికి సార్ మిషను?" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూసినారు. ఆయన పాపం చాలాసేపు నన్ను చూసి, "ఏం పని చేస్తారమ్మా మీరు?" అన్నాడు. చేపలు అమ్మేదాన్ని అన్నా. "కూల్‌డ్రింకు తాగండి" అన్నాడు.

మిషను బల్ల మీద పెట్టినాడు. నాకేం తెలుసు, చేపని చూసినట్టే చూసినా. పక్కన గాలికని సందులుంటాయి చూడు, అచ్చం చేప మొప్పల మాదిరి. వేలు పెట్టి ఎత్తి చూసినా, వాసన చూసినా, పొట్ట మీద వత్తినా. చేప మెత్తగా ఉంటే తీసుకోకూడదు గదా. షాపాయన నోరెళ్లబెట్టినాడు. "ఎంతసేపు పని చేస్తాది?" అన్నా. పది నిమిషాల్లో మూడు నిమిషాలు పని చేసి, ఏడు నిమిషాలు అలుపు తీర్చుకుంటాదంట. అట్టాటోడు మా ఇంట్లో అల్లుడే ఒకడుండాడు, మళ్లా ఇంకొకటెందుకు అన్నా. మీ మామగారినే లే, నువ్వు పోయి చెప్పబాక. ఆరు నిమిషాలు పని చేసేది ఇంకొకటి తెచ్చినాడు. ఇది మనిషి అనుకున్నా.

అప్పుడు అడిగినా అబ్బాయా, ఇది నువ్వు గూడా అడగాల. మా ఊళ్లో రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి పట్టే కరెంటు చక్రాలు తిరగడం మొదలుపెడితే ఇంట్లో బల్బు మిణుగురు పురుగు అయిపోతాది, అప్పుడు గూడా ఇది కాలుస్తాదా అన్నా. ఆయన కూల్‌డ్రింకు పక్కన పెట్టి, నా కొడుకుల్ని వదిలేసి నాతోనే మాట్లాడినాడు ఇంగ. వోల్టేజీ తగ్గినా తట్టుకునేది చూపించినాడు. సముద్రం గాలికి గ్యాసు కొట్టుకోని పోతాది, గ్యాసు పోతే అతుకు బొక్కలు పడతాది, అది మనిషి తప్పు గాదమ్మా అన్నాడు. మందు లోపలే ఉండే తీగ ఇంకొకటుంది, గ్యాసు అక్కర్లేదు, ఆరుబయట అది వాడండి అన్నాడు. నేను పెద్దోడిని చూసినా. వాడు ఫ్యాను చూస్తా ఉండాడు. చిన్నోడు నేల చూస్తా ఉండాడు.

"ఇంగో రకం గూడా ఉంది దీంట్లో, సన్నపనికి, సూదిమొనది. అల్యూమినియం అతకాలంటే మాత్రం దీంతో కుదరదు, అది వేరే మిషను. మరి ఈ మూడోది ఎవురికి?" అన్నాడు. ఇద్దరూ నాకొద్దంటే నాకొద్దన్నారు. నాకు అన్నా. ఏం, పెద్దముండని, నాకొక భాగం ఉండకూడదా? ఇప్పటికీ అది నాదే. ఇద్దరూ మరీ పెడసరంగా ఉన్న రోజు పోయి ఆ మీట నా వంతుకి తిప్పేసి వస్తా. ఇద్దరికీ పని ఆగిపోతాది.

మిషనైతే వచ్చింది, గానీ ఏం లాభం? షెడ్డు మధ్యలో గోడ కట్టాల్సిందే అని చిన్నోడు. కట్టుకో అని పెద్దోడు. మరి మిషను ఎవురి పక్క? ఊరి కాపులు వచ్చి కూసున్నారు. తెడ్డు దగ్గిర్నించి పడవ దాకా పంచిన పెద్దమనుషులు గదా, ఆలోచించి ఆలోచించి, మిషన్ని గోడలోనే పెట్టండి అన్నారు. మొకం అన్న వైపు, ఎనక తమ్ముడి వైపు. అదీ తీర్పు. మేస్త్రి వచ్చి, దీనికి గాలాడాల గదా అని చుట్టూరా జానెడు సందు వదిలి కట్టినాడు. మా ఇంటికి చుట్టాలొస్తే సముద్రం కంటే ముందు అదే చూపిస్తారు.

ఇప్పుడు విను. కరెంటు ఎక్కువ తక్కువ చేసే మీటలన్నీ మొకం మీద, అంటే అన్న దగ్గిర. ఆన్ చేసే బొత్తం, గ్యాసు గొట్టం ఎనక, అంటే తమ్ముడి దగ్గిర. తమ్ముడు బొత్తం నొక్కకపోతే అన్నకి మిషను లేదు. అన్న మీట తిప్పకపోతే తమ్ముడికి పని లేదు. ఇద్దరికీ మాటల్లేవు. మరి ఎవురు చెప్పాల? నేనే. గోడ చివర గుమ్మం కాడ ముక్కాలిపీట వేసుకోని కూసునేదాన్ని. చిన్నోడు గాల్లోకి చూసి "నూటిరవై" అంటాడు. నేను పెద్దోడి వైపు తిరిగి, "అన్నా, నూటిరవైకి పెట్టన్నా అంటా ఉండాడు రా" అంటా. వాడు అన్నా అనలేదు, నేనే కలిపినా. పెద్దోడు "పెట్టినా" అంటాడు. నేను ఇటు తిరిగి, "పెట్టినా తమ్ముడా, అన్నం తిన్నావా అని అడగతా ఉండాడు" అంటా. ఇట్టా నెలల తరబడి కలిపినా. వాళ్లకి తెలుసో తెల్దో. చెవులున్నాయి గదా, జానెడు సందుంది గదా, వినపడకుండా ఎట్టా ఉంటాది? అయినా ఇద్దరూ గమ్మున నా నోటి నించే వినేవాళ్లు.

మొన్న వానాకాలం ముసురు పట్టింది చూడు, అప్పుడు నాకు గొంతు పోయింది. పూర్తిగా, గాలి తప్ప ఇంకేం రాలా. ఆ రోజు ఒక పడవ ఇంజను కింద పెట్టే ఇనప చట్రం వచ్చింది. మబ్బు ఇడిస్తే వేటకి పోవాల వాళ్లు. చిన్నోడు మొదలుపెట్టినాడు. రేకు పల్చన, కరెంటు ఎక్కువ, బొక్క పడతా ఉండాది. వాడు నన్ను చూసినాడు. నేను చేతులు ఊపినా, వేళ్లు చూపించినా, పెద్దోడు అటు తిరిగి సుత్తితో కొడతా ఉండాడు. పీట మీద చప్పుడు చేసినా, వినపళ్లా. చట్రం పాడైపోతా ఉండాది.

అప్పుడు గోడ అవతల్నించి, "అన్నా, తగ్గించన్నా" అని వినపడింది.

సుత్తి ఆగింది. ఆగి, ఇంగ లేవలా. పెద్దోడు ఆ సందు వైపు చూసినాడు. మెల్లిగా వచ్చి మీట తిప్పినాడు. మరీ తిప్పేసినాడు. "అంత వద్దన్నా, కొంచెం పెంచు" అన్నాడు చిన్నోడు. పెంచి, "చాలా?" అన్నాడు వీడు. "చాలు" అన్నాడు వాడు.

అంతే అబ్బాయా. నేను ఆ గోడకి ఆనుకోని ఏడ్చినా. గొంతు లేదు గదా, ఎవురికీ వినపళ్లా.

మిరియాల కషాయానికి గొంతు వారంలో వచ్చేసింది. కోడళ్లకి తెలుసు, వంటింట్లో ముగ్గురం బాగానే మాట్లాడుకుంటాం. కొడుకులకి మాత్రం చెప్పలా. చెప్తే మళ్లా నన్ను ఆ పీట మీద కూసోబెడతారు. ఇద్దరూ కలిసి ఒకే బండి మీద నన్ను మధ్యన కూసోబెట్టుకోని నెల్లూరు డాక్టరు కాడికి గూడా తీసుకపోయినారు. ఆయన టార్చిలైటేసి చూసి, "గొంతులో ఏం లేదే" అన్నాడు. నేను కొడుకుల ఎనక నించి చేతులెత్తి దండం పెట్టినా. బుద్ధిమంతుడు, అర్థం చేసుకున్నాడు. "పెద్దవయసు గదా, ఆమెతో మాట్లాడించబాకండి, మీరే మాట్లాడుకోండి" అన్నాడు.

ఇప్పుడు మిషను మీద టీ గ్లాసు పెట్టి ఇటు నించి అటు తోసుకుంటా ఉండారు. గోడ తీసేద్దామని నిన్న ఎవురో అన్నారు, ఎవురన్నారో నాకు వినపళ్లా. గేటు రెక్క గూడా ఎప్పుడో ఒకప్పుడు...

నువ్వు మిషను కొను నాయనా. వోల్టేజీ సంగతి అడుగు, ఎన్ని నిమిషాలు పని చేస్తాదో అడుగు, వాసన గూడా చూడు, తప్పేం లేదు. నువ్వూ మా సుజాతా... ఉండుండు. బండి చప్పుడు. పెద్దోడిదే. కాదు, రెండు బండ్లు. ఇద్దరూ కలిసే వస్తా ఉండారు. ఇంగ నేను మాట్లాడకూడదు. పిల్లా పాపలతో చల్లంగా ఉండు అబ్బాయా, నీ ఇంట్లో ఎవురూ మూగోళ్లు కావాల్సిన పని రాకూడదు. ఇందాకట్నించి ఇంత సేపు ఏం చేస్తా ఉండారు అని అడిగితే, అవ్వ సైగలు చేస్తా ఉంది, నాకొక్కటీ అర్థం కాలేదని చెప్పు.