పాడవడానికి కారణం

మొబైల్ రిపేరు షాపు. కౌంటరుకి ఇవతల, ఎదుటివాళ్ళని పురుగుల్లా చూడ్డం అలవాటైన ఒక వడ్రంగి; అవతల, చీటీల పుస్తకంతో కౌంటరు మనిషి. వెనక గది గోడకి పరదా వేసిన చిన్న కిటికీ. ఫోనూ చీటీ అందులోంచే లోపలికి వెళ్తాయి, బయటికి వస్తాయి.

"కింద పడిందని రాసుకోవయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"రాశాను సార్. లోపలికి పంపాను. చీటీ తిరిగొచ్చింది."

"తిరిగి రావడమేమిటి?"

"'కింద పడితే ఎక్కడో ఒకచోట దెబ్బ ఉండాలి. దీనికి గీత కూడా లేదు. అసలు కారణం రాయించండి' అని రాసి పంపారు. మా షాపు పద్ధతి సార్. ఎలా పాడైందో మీరు చెప్పాలి, నేను రాయాలి, చివర్లో మీరు సంతకం పెట్టాలి."

"ఫోను బాగు చేయమంటే పోలీసు స్టేషన్లోలా వాంగ్మూలమా! మూల కూర్చుని స్క్రూలు తిప్పేవాడికి ఇంత టెక్కా?"

"చెప్పండి సార్."

"సరే, రాసుకో. ఛార్జింగు పెట్టే ఆ కన్నమే నాసిరకం. కొత్త పిన్నట, టైప్ సి అట. పాతది ఏం చెడిందని? ఇంట్లో ఐదు ఛార్జర్లున్నాయి. మంచం పక్కన, వంటింట్లో, నేను పనిచేసుకునే చోట. అన్నీ ఒక్కపూటలో చెత్తబుట్టకి! గుమ్మం కొలత మార్చేసి, ఉన్న తలుపులన్నీ పారేయమన్నట్టుంది."

"లోకమంతా మారిపోయింది సార్. ఇదైతే ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, హాయి."

"అదే నాకు ఒళ్ళుమంట. తలా తోకా లేనిది కూడా ఓ పిన్నేనా? పాతదానికి పైవైపేదో కిందవైపేదో కళ్ళు మూసుకుని, బొటనవేలితో తడిమి చెప్పేవాణ్ణి. ఇది చేతకానివాళ్ళ కోసం కనిపెట్టారు."

"అయితే 'నాసిరకం' అని పంపనా?"

"పంపు."

"...తిరిగొచ్చింది సార్."

"మళ్ళీనా!"

"'లోపల పాత ఛార్జరు పిన్ను ముక్క విరిగి ఉంది. పెట్టిందెవరు?' అంటున్నారు."

"ఎవరేమిటి... ఎవరు పెడితే ఏం? మా ఆవిడ."

"ఆవిడా?"

"ఫోను ఆవిడదే. కొన్నది ఆవిడే. ఏది ఎందులో దూరుతుందో తెలిస్తేగా!"

"కొత్త ఛార్జరు ఇంట్లో లేదా సార్?"

"ఆవిడ సంచిలో ఉంటుంది. ఇవాళ ఫోను మర్చిపోయి వెళ్ళింది. నేను చూసేసరికి ఛార్జింగు అయిపోవస్తోంది. పోనీ కదా అని..."

"పోనీ కదా అని?"

"ఏం లేదు. ఆవిడే పెట్టిందని రాయి."

"ఆవిడ ఎక్కడికి వెళ్ళారు?"

"ఏదో కోర్సు. పొద్దున పదికి వెళ్తే సాయంత్రం ఆరు."

"ఏం కోర్సు సార్?"

"ఏమో, అడగలేదు. కుట్లో అల్లికలో అయ్యుంటాయి. ఈ వయసులో నేర్చుకుని ఏం ఉద్ధరిస్తుంది! ఆరులోగా ఫోను నా చేతిలో పెట్టు, అంతే."

"నేనే పాడుచేశానని మీరు ఆవిడతో చెప్పేస్తే ఈ తొందర ఉండదుగా?"

"నేనా? నా నోటితోనా? ఇదిగో, నేను వడ్రంగిని. నా చేతిలో వస్తువు విరిగిందంటే రేపు నాకు పని ఎవడిస్తాడు? అందుకే మిక్సీ మూత పగిలితే ఆవిడ పగలగొట్టిందన్నాను, వాళ్ళక్క ముందే. అంతకుముందు ఇస్త్రీపెట్టె. అదీ అంతే. ఆడవాళ్ళ చేతిలో విరిగిందంటే ఎవరు పట్టించుకుంటారు?"

"ఆవిడ పట్టించుకున్నారా?"

"...'ఇంకొక్కసారి మీ తప్పు నా నెత్తిన రుద్దితే మా అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోతా, మళ్ళీ రాను' అంది. అరవలేదయ్యా. అరిచుంటే నాకు భయం వేసేది కాదు. మెల్లగా అంది."

"అన్నీ తెలిసి, మళ్ళీ ఆవిడే చేసిందని రాయమంటున్నారు."

"ఆవిడ చూస్తుందేమిటి? మా వీధి చివర షాపు వదిలేసి మూడు బస్టాపులు దాటి నేనిక్కడికి వచ్చింది అందుకేగా! పంపు."

"పంపాను. ...ఇదిగో, వచ్చేసింది."

"ఏమంటాడు మీ మేధావి?"

"'ముక్క తీశాను. దాని మీద ఆకురాయి గీతలున్నాయి. కొత్త కన్నంలో పట్టాలని పాత పిన్నుని అరగదీశారు. ఆవిడకి ఆకురాయి పట్టడం వచ్చా?' అని."

"వచ్చు! ఇంట్లో ఉంది కదా, తీసుకుని ఉంటుంది."

"ముందు ముతకదానితో, తర్వాత నున్నటిదానితో, రెండు పక్కలా సమానంగా అరగదీశారట."

"మరి! ముతకదానితో వదిలేస్తే అంచు గరుకుగా ఉండిపోదూ? మూలలు గుండ్రం చేసి, కాస్త మైనం రాసి, చిన్న సుత్తితో అలా అలా తడితే, దూరనిదంటూ ఉంటుందా?"

"ఆవిడ మంచి పనిమంతురాలు సార్."

"నన్ను చూసి నేర్చుకుందిలే."

"సుత్తి కూడా ఆవిడేనా?"

"ఆవిడే! అన్నీ ఆవిడే! నా టైం తినకు. రాయి, సంతకం గీకి పారేస్తాను."

"మీరు చెప్పినట్టే రాశాను. 'పాత పిన్నుని అరగదీసి, మైనం రాసి, సుత్తితో కొట్టింది నా భార్య.' కింద సంతకం పెట్టండి. తేదీ కూడా వేయండి."

"ఇదిగో. చాలా? ఇక ఆ పరదా చాటు మహానుభావుణ్ణి త్వరగా కానివ్వమను."

"చీటీ అందిందా అమ్మా? కొత్త ఛార్జింగు పోర్టు వేసేస్తారా?"

"అమ్మా ఏమిటి? లోపలున్నది ఆడమనిషా?"

"నాలుగు నెలల కిందట పని నేర్చుకుంటానని వచ్చారు సార్. ఇప్పుడు మా షాపులో ఆవిడ తర్వాతే ఎవరైనా."

"పోర్టు నేను వేసుకుంటాలెండి, ఫోను నాదేగా. మీరు మాత్రం ఆరింటికి నాకోసం చూడకండి, ఈ చీటీ పట్టుకుని ఇటునుంచి ఇటే మా అక్కయ్య ఇంటికి వెళ్తున్నాను."