క్రేన్ కాలు దిగిన పొద్దు

"పెద్దమ్మా, రేపు మమ్మల్ని సైటుకి తీసుకెళ్తున్నారు. గులకనేల మీద ప్లేట్ టెస్టట. నువ్వు చాలా చేశావు కదా?"

చేశానే సింధూ, ముప్పై ఏళ్లు అదే పని. కైసర్స్‌లౌటర్న్‌లో మీకు ల్యాబులు బానే ఉంటాయి గానీ, గులకనీ ఇసకనీ ఉన్నదున్నట్టు ల్యాబుకి ఎలా తెస్తావు? తవ్వగానే రాలిపోతుంది, బిగువంతా పోతుంది. అందుకే మనమే దాని దగ్గరికెళ్లాలి. జానెడున్నర ఇనప ప్లేటు నేలమీద పెట్టి, పైన లోడు లారీ నిలిపి, మధ్యలో జాకీతో నొక్కడం. ఎంత దిగిందో ముల్లు చూపిస్తుంది.

వోల్ఫ్స్‌బర్గ్ పక్కన ఒక సైటు... ఇక్కడ జర్మనీలో డబ్బు మార్కుల్లో ఉన్న రోజుల్లో, కాదు కాదు, అప్పటికి యూరోలొచ్చేశాయి. మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చుంది. ఇక్కడి చలికి కూడా నన్నే తిట్టేదనుకో! ఆవిడకి మోకాలి ఆపరేషనై, వీసా పొడిగించాల్సొచ్చింది. ఎన్ని వారాలకో వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది, పదకొండింటికి. తప్పితే ఆ కాలితోనే విమానం ఎక్కాలి. మీ పెదనాన్నేమో ఊళ్లో లేరు.

ఆ పొద్దున సైట్లో క్రేన్ నిలబెట్టడానికి గులక పరిచి ఉంచారు. మూడుచోట్ల ప్లేటు పెట్టా, మూడూ బ్రహ్మాండం. ఇహ రాడ్డు దింపాలి. అంటే, బరువు ఎత్తి పడేస్తూ ఇనప రాడ్డు నేలలోకి దించి, ఎన్ని దెబ్బలకి ఎంత దిగిందో రాసుకోవాలన్నమాట. దానికి రెండు గంటలు. ప్లేటు ఇంత బాగా చెప్పాక రాడ్డెందుకులే అనుకున్నా. క్రేన్ డ్రైవరు హైకో, నా అల్లం టీ అంటే ప్రాణం అతనికి, "ఎక్కొచ్చా?" అనడిగాడు. "హాయిగా ఎక్కు" అన్నా. నేల గట్టిదేనని కాయితం మీద సంతకం పెట్టి, అత్తగారి టెర్మిన్‌కి పరిగెత్తా.

మర్నాడు పొద్దున్న, నా కళ్లముందే... చెప్తుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతోందే. క్రేన్ బరువు ఎత్తింది. ఒక కాలు అలా నేలలోకి దిగిపోయింది. చప్పుడే లేదు! అంత ఇనుమూ ఒరిగిపోతోంది, పైన గదిలో మనిషి. ఆ ఎత్తిన బరువు నేలకి ఆని, ఎలాగో ఆగింది.

తవ్వితే ఏవుంది? ఎప్పటిదో పైపు కందకం, వదులు ఇసకతో పూడ్చేశారు. చిన్న ప్లేటు తన వెడల్పుకి రెండింతల లోతే చూడగలదు. క్రేన్ కాలి కింద పలకేమో మంచమంత, దాని బరువు నిలువెత్తు లోతుకి పోతుంది. కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం చెప్పిందే నేను!

హైకో దిగాడు, మొహంలో నెత్తురుచుక్క లేదు. తిడతాడనుకున్నా. "కాయితం ఎవరైనా ఇస్తారు. నేను మిమ్మల్నడిగి ఎక్కాను" అన్నాడు. అంతే. తిట్టినా బావుండేదే! ఇంటికొస్తే మా అత్తగారు వీసా చేతిలో పెట్టుకుని మురిసిపోతోంది. నేను బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చా.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా రాడ్డు దింపకుండా ఏ సైటూ... సర్లే, నువ్వు పొద్దున్నే లేవాలి. చల్లగా ఉండు తల్లీ. నీ మాట నమ్మి ఎక్కినవాళ్లంతా సాయంత్రానికి ఇల్లు చేరాలి.