నా చేతుల మీద నడిచిన స్క్రోలింగ్

సభకు అధ్యక్షత వహిస్తున్న మా చీఫ్ ఎడిటర్ గారికి, ముందు వరసలోని పెద్దలకు, ఇవాళ ఒక్కరోజైనా కెమెరాలు పక్కన పెట్టి కుర్చీల్లో కుదురుగా కూర్చున్న మా సిబ్బందికి, ఎడమవైపు నాలుగు వరసలూ నిండిన నా ప్రేక్షకులకు, అంటే వినికిడి లేని నా అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, వాళ్ళ మధ్య అందరికంటే ఠీవిగా కూర్చున్న మా అమ్మకు నమస్కారం. నా మాటల్ని సైగల్లో పెడుతున్న ఈ తమ్ముడు నా శిష్యుడే. నేను గబగబా మాట్లాడితే వాడి చేతులు నొప్పెడతాయి కాబట్టి నిదానంగానే చెబుతాను. ఒక్క మనవి. కుడివైపు వాళ్ళు నవ్విన రెండు క్షణాలకు ఎడమవైపు నవ్వు వస్తుంది. కంగారుపడకండి, నాకు ఏ నవ్వైనా రెండు పంటలు. (నవ్వులు. మళ్ళీ నవ్వులు.)

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట నేను సైగల వార్తలు చదవడానికి వచ్చినప్పుడు, వారమంతా జరిగినదాన్ని ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాల్లో చెప్పేవాళ్ళం. సోమవారం కూలిన వంతెన సంగతి మావాళ్ళకు ఆదివారం తెలిసేది, అదృష్టం బాగుంటే ఈలోగా దాని మరమ్మతు కూడా అయిపోయేది. వార్తలు చదివేవాళ్ళు కాగితం మీద నుంచి తల ఎత్తితే అదే గొప్పనుకునే రోజులవి. మేకప్ వేసే పెద్దాయన మొదటిరోజు నా ముఖాన్ని గాలికొదిలేసి చేతులకు పౌడరు పూశాడు. "పని చేసేది ఇవే కదమ్మా" అన్నాడు. నా ఉద్యోగాన్ని అంత బాగా అర్థం చేసుకున్న మనిషి నాకు మళ్ళీ చాలా ఏళ్ళదాకా దొరకలేదు.

తరవాత వార్తలకు పరుగొచ్చింది, అరుపొచ్చింది, ఒకే తెరలో ఆరుగురు ఒకేసారి మాట్లాడే విద్య వచ్చింది. ఎవరి మాట సైగ చెయ్యాలో తెలియక ఒకరోజు నేను 'అందరూ అరుస్తున్నారు' అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ రోజు వార్త చాలా స్పష్టంగా ఉందని మావాళ్ళు ఉత్తరం రాశారు. (నవ్వులు) నన్ను రోజూ సాయంత్రం ఏడు గంటల వార్తల్లోకి తెచ్చారు, సంతోషమే, కాని మూలన టీ సాసరంత కిటికీలో కూర్చోబెట్టారు. కింద స్క్రోలింగ్ మొదలైంది. ముందు ఒక వరస, మోచేతుల దాకా. తరవాత ఇంకో వరస. ఆపైన ఎర్ర పట్టీ వచ్చి మణికట్టు దాటింది. మా అమ్మకు పుట్టుకతోనే వినపడదు, బడి మొహం చూడలేదు, నా చేతులే ఆమెకు పత్రిక. ఊరందరికీ వార్తలు చెప్పేదాన్ని, ఇంటికెళ్ళి చెప్పులు విప్పకముందే ఆమెకు మొదటినుంచి మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. "ఇవాళ కూడా నీకు చేతుల్లేవు. ఏం జరిగింది?" అని తలుపు దగ్గరే సైగ చేసేది.

ఆరేళ్ళ కిందట సరఫరా నీళ్ళలో మురుగు కలిసింది. కాచకుండా తాగవద్దని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నా చేతుల మీద ఎవరో నటుడి పెళ్ళి వార్త నడుస్తూనే ఉంది. నేను ఇల్లు చేరేసరికే అమ్మ రెండు గ్లాసులు తాగేసింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మన్నించండి.

అయిదోరోజు అధ్యక్షులవారి గదికి వెళ్ళాను. ఆయనకు గుర్తుంది, చూడండి, అప్పుడే గడ్డం తడుముకుంటున్నారు! "కిటికీలో మనిషి కనబడుతూనే ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు. నేను రిమోట్ తీసుకుని ఆయన చూస్తున్న టీవీ గొంతు నొక్కేశాను. "అదేంటమ్మా, ఏం చెబుతున్నారో వినబడొద్దూ?" అన్నారు. "మనిషి కనబడుతూనే ఉన్నాడు కదండీ, ఇంకేం కావాలి?" అన్నాను. (పెద్దగా నవ్వులు) ఆయన చెయ్యి చాపారు, నేను రిమోట్ ఇవ్వలేదు. అరగంట ఇద్దరం అలాగే చూశాం. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆయన లేచి, "గ్రాఫిక్స్ వాళ్ళని పిలవండి" అన్నారు.

ఆ పిలుపు తరవాత కూడా ఆరేళ్ళు పట్టింది. పట్టీ వేలెడు తగ్గేది, ఎన్నికలు రాగానే జానెడు పెరిగేది. నేను వదల్లేదు, ఆయనా వదల్లేదు. నిన్న సాయంత్రం, నా ఆఖరి వార్తల్లో, మొట్టమొదటిసారి తెరలో మూడోవంతు మాకిచ్చారు, దాని మీద ఒక్క అక్షరం నడవలేదు. గెలిచాం! వినయం సంగతి ఇంకోరోజు చూసుకుందాం. (చప్పట్లు. ఎడమవైపు గాలిలో ఊగిన చేతులు.) రేపటి వార్తలు అదిగో, మూడో వరసలో కళ్ళజోడు పెట్టుకున్న ఆ అమ్మాయి చదువుతుంది. ఆమెకు వినపడదు. ఇన్నాళ్ళూ గొంతు ముందు నడిస్తే చేతులు వెనక పరుగెత్తాయి. రేపటినుంచి ఆమె చేతులు ముందు, చదివే గొంతు వెనక. అమ్మాయీ, వెనక నడవడం ఆ గొంతువాళ్ళకు అలవాటు లేదు, మొదటిరోజు కాస్త నెమ్మదిగా నడిపించు.

నిన్న ఇంటికి వెళ్ళగానే, అలవాటు చొప్పున తలుపు దగ్గరే చేతులెత్తాను. అమ్మ వాటిని పట్టుకుని కిందికి దించింది. "చూశాను. నువ్వు కూర్చో" అని సైగ చేసింది. ఆనకట్ట గేట్లు ఎత్తడం దగ్గరినుంచి రేపటి వాన దాకా వరసగా నాకే చెప్పుకొచ్చింది. ఒక్కటీ తప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో మా అమ్మ నాకు వార్తలు చెప్పడం అదే మొదటిసారి.

నన్ను చూసిన కళ్ళన్నిటికీ కృతజ్ఞతలు. తమ్ముడూ, నువ్విక విశ్రాంతి తీసుకో, ఈ ఒక్క మాట నేనే చేతులతో చెప్పుకుంటాను.

సెలవు.