ఇంటికొస్తే ఏడ్చే ఎర్రకారు

వరసకి తమ్ముడయ్యే మా నీలకంఠం చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. అర్థం కానిది ఇంకా బాగుంది, అదీ రాస్తాను.

ఆయన పోర్టులో ఇనపరాయి మోసే పెద్ద బెల్టు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మధ్యాహ్నం టీకి గాజువాకలో మా అరుగు మీదకి వస్తాడు. ఆ రోజు నేను అరుగు మీదే కుట్టుమిషను ముందు కూచుని మునిమనవరాలికి గౌను కుడుతున్నాను. పిల్లని ఇంకా చూడలేదు. మా మనవడు దొరబాబు ఎలమంచిలి వెళ్ళి, పురిటికి పుట్టింటికెళ్ళిన మహేశ్వరినీ పిల్లనీ సాయంత్రానికి తీసుకురావాలి. మర్నాటి నుంచి మూఢం. ఇవాళ దాటిందా, మూఢం వెళ్ళేదాకా వాళ్ళు పంపరు.

వాడు స్టీల్‌ప్లాంటులో క్రేను నడుపుతాడు. జీతంలో కూడబెట్టి రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. "పాత బండి, దార్లో కూలబడిపోద్ది" అన్నాడట వాళ్ళ మావగారు. అందుకని పిల్లని ఆ కారులోనే తెస్తానని వీడి పంతం. తీరా బయల్దేరబోతే కీచుకీచుమని చప్పుడు. ఇంజను ఆపకుండా గేటు దగ్గర వదిలేసి అరుగెక్కాడు.

"మాయ్యా, ఇంజను బెల్టేమో అని బయ్యంగా ఉంది. పొద్దున్నుంచీ ఇంతే. రోడ్డు మీదకెళ్తే ఏటీ వినబడ్డంలేదు, ఇంటికొస్తే ఏడుస్తంది."

"ఇల్లు సూస్తే ఏడుపొస్తాది అల్లుడా. పిల్లలకీ అంతే, బెల్టులకీ అంతే." నీలకంఠం టీగ్లాసు కింద పెట్టి చెవి గేటు వైపు తిప్పాడు. "నాను సెప్తన్నాను, రాసుకో. ఇది తెగిపోయే బెల్టు. ఈ టీ సల్లారీలోగా తెగిపోద్ది."

మిషను మీద కాలు ఆగిపోయింది. కారు కూడా గప్‌చుప్‌గా ఊరుకుంది.

"సూసేవా, నా మాటిని బయపడినాది" అన్నాడు.

ఔను కాబోలనుకుని మళ్ళీ కుట్టు మొదలెట్టాను. కారు మళ్ళీ ఏడుపందుకుంది.

చేపలగంప దింపుకుని మెట్టు మీద కూచున్న చిట్టమ్మ, "నీ సెవికి అంత తెలుస్తాదేటి బావా" అంది. అలా అడిగితే ఆయన ఆగుతాడా.

"పెద్ద గొప్పేటీ కాదు. పోర్టులో బెల్టు కింద వరసగా రోలర్లుంటాయి కదా, అందులో ఒకదాని బేరింగు పాడైతే నాను దూరంనుంచే సెప్పీసేవోణ్ణి. ఇంజినీర్లు నమ్మక ఎళ్ళి సూసి, నమ్మి తిరిగొచ్చేవోళ్ళు. అంతే, సిన్న పని. ఆ తర్వాత ఏటైందో తెలుసా? భీమిలి రొయ్యల సెరువుల కృష్ణంరాజుగారు లేడూ, ఆయన నీదానిలాటి పాత స్పోర్ట్స్ కారే కొన్నాడు, పచ్చది. బెల్టు ఏస్తన్నాడు, తెగుతంది. ఏస్తన్నాడు, తెగుతంది. మెకానిక్కులు తెగిన బెల్టు మార్సడమే గానీ ఎందుకు తెగిందో సూడ్డంలేదు. లోపలేపు సన్నగా పగుళ్ళుంటే బెల్టు ముసిల్దయిపోయిందని లెక్క. అద్దంలా మెరుస్తంటే జారుతందని. ఒకేపే అరిగితే దాన్ని తిప్పే సెక్రం, అదే పుల్లీ, వంకరని. బండి తక్కువ తిరిగింది కదా అని మురిసిపోకూడదు, షెడ్డులో పడుకున్నా రబ్బరుకి వయసొస్తాది. అనుమానమొస్తే కాసిన్ని నీళ్ళు సిలకరించాలి. సప్పుడు మారితే బెల్టు, మారకపోతే బేరింగు. ఇదంతా లోకానికి తెలిసిందే."

"నాకు తెలీదు మాయ్యా" అన్నాడు దొరబాబు.

"ఇప్పుడు తెలిసింది కదా, ఇంక విను. నాను గాజువాకలో ఇదిగో, ఈ అరుగు మీదే కూకున్నాను. కారు మధురవాడలో ఉంది. ఫోనులో కాదు, ఉత్త సెవితోటే వింటన్నాను. మధ్యలో సముద్రం ఒకటే గోల. ఉండవే తల్లీ, ఒక్క నిమిషం అన్నాను. ఆగినాది."

"సముద్రం ఆగినాదా" అన్నాను. దారం కొరకబోయి నోట్లో అలాగే ఉంచేశాను.

"ఆగినాదప్పా. లేచిన కెరటం లేచినట్టే నిలబడిపోయింది."

"మావోళ్ళు ఏటకెళ్ళుంటారే. ఇంటికొచ్చి ఏటీ సెప్పలేదు మరి" అంది చిట్టమ్మ.

"ఆళ్ళు కెరటం మీదున్నారు, ఆళ్ళకేటి తెలుస్తాది. అప్పుడినబడింది నాకు. పుల్లీ ఎంటుక్కాసంత పక్కకి సూస్తంది. ఎటేపంటే సింహాచలం ఏపు. దండం పెట్టుకుంటందేమో పాపం. ఎళ్ళి దాన్ని సరిసేసేను. బెల్టు ఎయ్యాలి కదా, ఆ సైజుది ఊరు మొత్తం మీద లేదు. మా పోర్టు బెల్టు ముక్క ఓటి కోసి తగిలించీసేను. కొండలు మోసిన బెల్టది. తాళం తిప్పితే ఏటైందో తెలుసా? బెల్టు కదల్లేదు. అది నిలబడిపోయి, కారే దాని సుట్టూ గిర్రుమని తిరిగినాది. రాజుగారు లోపలే ఉన్నాడు."

"బతికే ఉన్నాడా?" అన్నాను.

"ఆ తిరుగుడుతోటే కారు బీచిరోడ్డెక్కినాది. అక్కడ సూద్దుమా, బయట సముద్రంలో ఓడ ఒకటి ఇంజను పాడై ఉండిపోయింది. ఎలాగూ బెల్టు మిగిలింది కదా అని ఓ కొస కారుకీ ఓ కొస ఓడకీ తగిలించి, తొక్కండి రాజుగారూ అన్నాను. ఓడ కుక్కపిల్లలాగ ఎనకాలొచ్చీసినాది. ఆ సప్పుడుకి డాల్ఫిన్స్ నోస్ కొండ ఏటా అని ముక్కు ఇటు తిప్పి సూసినాది. దాన్ని మళ్ళీ అటు తిప్పలేక సచ్చేమనుకో. అలాగే ఒగ్గేస్తే ఓడలు దారి తప్పిపోవూ?"

పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆ కొండని చూస్తున్నాను. ఎప్పుడూ సముద్రం వైపే. అది ఒక్కసారి ఇటు తిరిగిందంటే మా మేడలూ, పొగగొట్టాలూ, తీగల మీద ఆరేసిన బట్టలూ అన్నీ చూసే ఉంటుంది. చూసి ఏమనుకుందో. ఆ వేళ నేనెక్కడున్నానా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

దొరబాబు కొండ మాట వినలేదు. "మరి నన్నేటి సెయ్యమంటావు మాయ్యా?"

"ఎళ్ళకు. పసిగుడ్డు. అనకాపల్లి దాటేక ఎండలో బండాగిపోతే ఎక్కడ దింపుతావు? మూఢం ఎళ్ళనీ."

వాడు కాసేపు కారు వైపు చూసి, అత్తారింటికి ఫోను చేయడానికి లోపలికెళ్ళాడు. నేను గౌను వైపు చూశాను. ఒక చెయ్యే మిగిలింది. ఇంక తొందరేముందిలే అనిపించింది. అయినా ఊరుకోలేక మిషను తొక్కాను.

"ఇన్నావా, ఏడుస్తంది" అన్నాడు నీలకంఠం.

కళ్ళలో నీళ్ళు తిరిగి సూది కనబడలేదు. ఆపాను. తుడుచుకుని మళ్ళీ తొక్కాను. మళ్ళీ ఆపాను.

చిట్టమ్మ నా కాలు వైపు చూసింది, కారు వైపు చూసింది. "దొరబాబూ, ఫోను పెట్టీసి ఇటు రా. బావా, రామలక్ష్మత్త కాలెడితే నీ కారు ఏడుస్తంది, కాలు తీస్తే ఊరుకుంటంది. పొద్దున్నుంచీ అత్త ఈ గౌనే కుడతంది."

అందరూ నా కాలునే చూస్తుంటే నాకు సిగ్గేసింది. దొరబాబు చరచరా వెళ్ళి కారు ఇంజను ఆపేసి వచ్చాడు. "ఇప్పుడు తొక్కు మామ్మా."

తొక్కాను. ఆగిపోయిన కారు కీచుకీచుమని ఏడ్చింది.

చిట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. దొరబాబు గోడకానుకుని నవ్వలేక నవ్వుతున్నాడు. ఆపమని ఎవరూ అనలేదు కదా అని నేనింకా తొక్కుతూనే ఉన్నాను. టప్పుమని చప్పుడైంది. మిషను తోలుబెల్టు తెగి నా పాదం మీద పడింది.

నీలకంఠం వంగి గ్లాసు ముట్టుకు చూశాడు.

"టీ ఇంకా ఎచ్చగానే ఉంది" అన్నాడు.

నవ్వులయ్యాక, దేనికైనా మంచిదని మగాళ్ళిద్దరూ కారు బానెట్టెత్తి, టార్చిలైటుతో బెల్టు లోపలేపంతా చూశారు. పగుళ్ళు లేవు, మెరుపు లేదు. నీళ్ళు కూడా చిలకరించారు. అదేమీ మాట్లాడలేదు. దొరబాబు వెళ్ళాడు. నీలకంఠం నా తోలుబెల్టు కొసలు కత్తిరించి కొక్కెం బిగించి పెట్టాడు. ఆ తర్వాత మిషను కిక్కురుమనలేదు. రెండో చెయ్యీ కుట్టేశాను.

దీపాలు పెట్టే వేళకి ఎర్రకారు గేటు ముందు ఆగింది. ఆగీ ఆగకముందే లోపల్నుంచి కీచుమని సన్నగా వినబడింది. నీలకంఠం లేచి నిలబడ్డాడు. చిట్టమ్మ గబుక్కున నా కాలు వైపు చూసింది. నా కాలు నేల మీదే ఉంది.

తలుపు తెరుచుకుంది. మహేశ్వరి దిగి, గుక్కపట్టి ఏడుస్తున్న మూటని నా చేతుల్లో పెట్టింది.

నీలకంఠం వంగి, చెవి దగ్గరగా పెట్టి, చాలాసేపు విన్నాడు.

"దీనికి నీళ్ళు సిలకరిస్తే లాభం లేదప్పా" అన్నాడు. "పాలు పట్టాలి."