గంటె సప్పుడైనంకనే సూది

సాయంత్రం ఆరు దాటింది. మబ్బు కమ్మింది గని వాన ఇంకా పడలే. స్వప్న కంపెనీ బస్సు దిగి ఇంట్లకొచ్చింది. చెప్పులు ఇడువకముందే అడిగింది: "అమ్మా, బయలుదేరిన అని ఫోన్ చేస్తే గట్ల కసురుతవెందుకే? అదేమన్న తప్పు మాటనా?"

తప్పు మాట కాదు బిడ్డా. కాళ్ళు కడుక్కొని కూసో, చెప్త.

నీకు తెల్సు గద, ఇస్నాపూర్ అవతల ముసలోళ్ళ ఆశ్రమంల నేను వంట చేస్తుంటి. అప్పుడు వంటిల్లు మాదే. నాకు చేతి సాయం ముత్తమ్మ. ఆమె పనిమనిషి కాదు, ఆశ్రమంల ఉండే ముసలామెనే. కొండాపూర్ దిక్కు ఊరు. కూలి చేసి బతికిన చేతులు, ఊకుండయి. పొద్దుగాల్నే వచ్చి పొయ్యి పక్కకు కూసొని కూరగాయలు కోసేది, ఎల్లిపాయలు ఒలిచేది.

మా వంటింటికో పద్ధతి ఉండె. అన్నం వార్చి, గంజి పూర్తిగ కారినంక, గంటెతోని మూత మీద టంగుమని కొడుతుంటి. ఆ సప్పుడైనంకనే నర్సు సునీత మేడం చక్కెర బీమారోళ్ళకు సూదులేసేది. సూది పడ్డదంటే అన్నం తినాలె, ఆలస్యమైతే చక్కెర పడిపోతది. ఎవలో పెట్టిన పద్ధతి కాదది, అట్ల పడ్డది. నాకైతే మా అత్తకాన్నుంచి వచ్చింది. అన్నం వార్చకముందు ఎవ్వల్నీ పీటల మీదికి పిలువనిచ్చేది కాదామె. "పొయ్యి మీదున్నది అన్నం కాదే, ఆశ" అనేది. మీ మేనత్తను చూడనీకి పెండ్లోళ్ళొస్తే వాళ్ళను గూడ గట్లనే బయట కూసోబెట్టింది. అప్పుడు పటాన్‌చెరుల రూపాయికి ఛాయ్. మీ బాపు పాపం తాపిచ్చిందే తాపిచ్చిండు, వాళ్ళ కడుపులు ఛాయ్‌తోనే నిండినయి. అయినా సంబంధం కుదిరింది అనుకో... ఏం చెప్తున్న? ఆ, వంటిల్లు.

ఆశ్రమం నడిపే రాజేశ్వర్ సార్ ఒకనాడు మమ్ముల కూసోబెట్టి చెప్పిండు. చందాలిచ్చే కంపెనీలు చేతులు ముడుచుకున్నయట. గ్యాసు, నూనె, జీతాలు మీద పడ్తున్నయట. వంటిల్లు మూసుడా, ఆశ్రమమే మూసుడా అన్న కాడికొచ్చింది. ఫ్యాక్టరీలకు అన్నం పంపే క్యాటరింగ్ ఆయన మాకయ్యే ఖర్చుకన్న తక్కువకే పంపుతనన్నడు. సార్ మంచోడే, బిడ్డా. నన్ను తీసెయ్యలే. వడ్డించనీకి, గిన్నెలు కడగనీకి ఉంచుకున్నడు. పొయ్యిలు అమ్మి, వంటింట్ల పాత మంచాలేసి తాళం పెట్టిండు.

అన్నం మంచిగనే వచ్చేది, అబద్ధమెందుకు. కాకపోతే అది షిఫ్టులు చేసే పోరగాళ్ళ అన్నం. బిరుసుగ, కారంగ. సుబ్బారావు సార్ అని ఒకాయన ఉన్నడు, కోస్తా దిక్కు నుంచి వచ్చి ఈడ సర్కారు ఫ్యాక్టరీల పని చేసి రిటైరైనాయన. నవ్విచ్చేటోడు. "యాదమ్మా, ఈ సాంబారు బాయిలర్లో కాచారేంటమ్మా, ఒక్క ముద్దకే నా నెత్తి విజిలేస్తోంది" అనేటోడు.

ముత్తమ్మకే ఏం తోచకుండ అయింది. తాళమేసిన తలుపు ముందల కూసొని, "కోసేటివి లేవా యాదమ్మా" అని అడిగేది. కొన్నొద్దులకు అడుగుడు బంద్ చేసింది. పగటీలి జెరసేపు కనబడకపోయేది, మళ్ళ అన్నం యాళ్ళకు వచ్చేది. ఏడికి పోయినవని ఎవ్వలం అడుగలే.

ఇగ గంటె లేదు గద. ఫోనే గంటె అయింది. వ్యాన్ డ్రైవరు ఫోన్ చేసి "బయలుదేరినం మేడం" అనేటోడు. తొవ్వ దగ్గర్నే. సునీత మేడం సూదులేసేది, పని అయిపోయేవరకు వ్యాన్ గేటు కాడుండేది. గట్లనే నడిచింది. ఎవ్వలకూ అనుమానం రాలే.

పోయిన వానకాలం. ముసురు పట్టింది, ఇడుస్తలేదు. పగటీలి ఫోన్ వచ్చింది. అయిదుగురికి సూదులు పడ్డయి. పళ్ళాలు పెట్టుకొని కూసున్నం. వ్యాన్ రాలే. మళ్ళ ఫోన్ చేస్తే రోడ్డు మీద నీళ్ళున్నయి, లారీలు ఆగినయి, ఇంకా తమ గేటే దాటలే అన్నడు. తర్వాత తెలిసింది, గిన్నెలు ఎక్కిచ్చేటప్పుడే ఫోన్ చేస్తడట, రోజూ. ఎక్కిచ్చుడు, బయలుదేరుడు ఆయనకు ఒక్కటే. ఆయననేమంటం? మనం గూడ అంతే గద, చెప్పులేసుకోకముందే బయలుదేరిన అంటం.

సుబ్బారావు సార్ ఏదో చెప్తనే ఉన్నడు, నడుమల మాట ఆగింది. చెమటలు. చేతులు వణుకుడు. సునీత మేడం ఉరికింది. ఆశ్రమంల పిడికెడు చక్కెర లేదు, ఛాయ్ గూడ ఫ్లాస్కుల బయట నుంచే వస్తుండె. ఉన్నది ఒక్కటే గ్లూకోజు డబ్బ. గబగబ కలిపి తాపింది. నలుగురు తాగిన్రు. అయిదో కుర్చీ ఖాళీ.

"యాదమ్మా, ముత్తమ్మ ఏది? ఆమెకు గూడ ఏసిన" అన్నది మేడం. ఆ మొఖం చూడలేకపోయిన.

బాత్రూములు చూసినం. మంచాల వెనుక చూసినం. లేదు. సార్ బండి తీసుకొని మెయిన్ రోడ్డు దిక్కు పోయిండు. నేను వెనుక గేటుకెళ్ళి ఉరికిన. మోకాళ్ళ దాక నీళ్ళు, మోరీ ఏదో రోడ్డేదో తెల్వదు. పిలుస్తున్న, ఉరుకుతున్న. నాకు ఒక్కటే భయం. చెమటలు పట్టి ఏడనన్న కూలవడితే, వానల అవి చెమటలని ఎవలు గుర్తువడ్తరు?

అప్పుడొచ్చింది బిడ్డా, పోపు వాసన. ఎల్లిపాయ, ఆవనూనె. వెనుక లైనుల బిహారోళ్ళు, ఒడిశా వాళ్ళు ఉండే కిరాయి రూములున్నయి గద, ఆన్నుంచి. నా పాణం లేచొచ్చింది. ముత్తమ్మ పొయ్యి వెలిగే కాడికి పోతది. ఇంకేడికి పోతది?

చివరి రూము, తలుపు తెరిచే ఉన్నది. రింకూ అని బిహార్ పిల్ల, మొగడు డ్యూటీకి పోయిండు, రొట్టెలు కాలుస్తుంది. పక్కకే ముత్తమ్మ. ఒడిల ఎల్లిపాయలు. చేతిల రొట్టె, బెల్లం ముక్క. నమలుకుంట నన్ను చూసి, "ఏందే, గట్ల తడిసినవ్? కోసేటివి ఈడున్నయి, రా" అన్నది.

నేను పోయి ఆమె పక్కకే కూసున్న. నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది.

ముత్తమ్మ రోజూ వస్తదట. ఆనాడు ఎల్లిపాయ చేతులకెళ్ళి జారిపోతుంటే రింకూ చూసి బెల్లం నోట్ల పెట్టింది. వాళ్ళత్తకు గూడ సూదులేనట. ఆశ్రమంల సంగతి చెప్పిన. నా హిందీ ఎంతనో నీకు తెల్సు గద. "ఖానా నై, సబ్ బుడ్డేలోగ్, సూది హోగయా" అన్న. ఆ పిల్లకు మంచిగనే సమజైంది. పప్పు గిన్నె ఎత్తుకొని లైను మొత్తం కేకేసింది. ఎవలింట్ల ఉన్నది వాళ్ళు తెచ్చిన్రు. అన్నం, ఆలుగడ్డ కూర, రొట్టెలు. నెత్తి మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకొని, వానల గిన్నెలు పట్టుకొని ఆడోళ్ళు వరుసగ నడుస్తుంటే, ముందల ముత్తమ్మ. ఊరేగింపే అనుకో.

సుబ్బారావు సార్ రెండు ముద్దలు మింగి కండ్లు తెరిచిండు. "యాదమ్మా, ఈ పప్పుకి విజిల్లేదేంటమ్మా" అన్నడు. సునీత మేడం అప్పుడు ఏడ్చింది.

పొద్దూకే యాళ్ళకు వ్యాన్ వచ్చింది. ఆ అన్నం రూముల పోరగాళ్ళకు పెట్టినం. గిన్నెలు నాకిపెట్టిన్రు. వాళ్ళ అన్నమే గద అది.

వ్యాన్ ఇప్పటికీ వస్తది. పైసలు లేకపోతే ఏం చేస్తం. గని సార్ వంటింటి తాళం తీసి ఒక పొయ్యి పెట్టిచ్చిండు. మెత్తగ ఇంత అన్నం, ఒక చారు మేమే చేస్తం. ముత్తమ్మకు కోసేటివి ఉన్నయి. అయినా రింకూ కాడికి పోతది, చెప్పి పోతది. వ్యాన్ల గిన్నెలు దింపి, మూత తీసి, పళ్ళెంల పెట్టినంక నేను గంటె కొడ్త. అప్పుడే సూది.

అవ్ బిడ్డా, ఇప్పటికీ మబ్బు పడితే ఎవలెవలు ఏడున్నరో లెక్కవెట్టుకుంట. సరే ఇగ. మీ బాపు వచ్చిండు, తానం చేస్తుండు. నువ్వొచ్చినవ్. ఆశ్రమంల అందర్ని చూసే వచ్చిన, ముత్తమ్మ గూడ ఉన్నది. నీ తమ్ముడు ఫోన్ చేసిండు, బయలుదేరిండట. వాణ్ణి ఇంకా లెక్కల కలుపలే. చల్లగుండాలె బిడ్డా, మీరందరు చల్లగుండాలె...

ఆగు. గేటు సప్పుడైంది. బండి స్టాండేసిండు.

ఆ. ఇగ పళ్ళాలు పెట్టు.