ప్రార్థనలో పెట్టిన మాట

కుట్టుమిషను దగ్గర చెల్లెలు. ఎదురుగా గుడ్డలమూట పక్కకి జరిపి కూర్చున్న అక్క.

“అందరూ నన్నే అడుగుతున్నారే, మీ చెల్లెలు ప్రార్థన కూటానికి ఎందుకు రావడం లేదని. ఏం చెప్పమంటావు?”

“చెప్పడం నీకొకరు నేర్పాలా అక్కా? ఆ కత్తెర ఇటివ్వు.”

“ఇదిగో. ఇంకా ఆ మాటే పట్టుకుని వేలాడుతున్నావా?”

“స్కూలు బస్సు తోలే మా ఆయన ఇప్పుడు అదే బస్సు కడుగుతున్నాడు. నేను పట్టుకోనక్కర్లేదు. రోజూ సాయంత్రం తడిసిన ప్యాంటుతో ఇంటికొస్తుంది ఆ మాట.”

“నేనేమన్నా చాడీలు చెప్పానా? ప్రార్థనలో పెట్టాను. కళ్ళు మూసుకుని ప్రభువుతోనే చెప్పాను.”

“నువ్వు కళ్ళు మూసుకున్నావు. వాళ్ళు చెవులు మూసుకోలేదు.”

“హెడ్మాస్టరు భార్య వెనకాలే ఉందని నాకేం తెలుసు?”

“ఆవిడకి కుర్చీ వేసింది నువ్వే.”

“మోకాళ్ళ నొప్పులంటే వేశాను. అయినా నేను మీ ఆయన పేరెత్తలేదు.”

“ఎత్తలేదు. ‘పసిపిల్లల్ని తిప్పే నా మరిది చేతుల్లోంచి ఆ సీసా లాగెయ్యి ప్రభువా’ అన్నావు. నీకు మరుదులెంతమంది? మర్నాడే బస్సు తాళాలు లాక్కున్నారు.”

“ఏడుపులో వచ్చేసిందే.”

“తన తమ్ముణ్ణి పూడ్చిపెట్టి వచ్చి తాగాడని చెప్పాను నీకు. ఆ ఒక్కరోజేనని చెప్పాను. తాగిన మర్నాడు బస్సు లేదు, సెలవని కూడా చెప్పాను. అవేవీ నీ ప్రార్థనలోకి రాలేదేం?”

“దేవుడికి అన్నీ తెలుసు కదా.”

“ఆయనకి తెలుసు. హెడ్మాస్టరు భార్యకి తెలీదు.”

“సరే, తప్పే అనుకో. నా మీద కోపంతో దేవుణ్ణి వదులుకుంటావా? నేను రోజూ తెల్లారగట్ట తలుపేసుకుని ఆయనతో మాట్లాడతాను. నీ సంగతి కూడా చెప్పాడు.”

“ఏమని?”

“నీ చెల్లెలి మనసు రాయైపోయింది, నాతో మాట్లాడ్డం మానేసింది అని.”

“ఆయనే చెప్పాడా?”

“నా ఆత్మలో స్పష్టంగా వినపడింది.”

“అక్కా, మీ కూటానికి రావడం మానేసినప్పట్నుంచి ఈ మిషను తొక్కినంతసేపూ ఆయనతోనే మాట్లాడుతున్నాను. అక్కడ నలుగురి మధ్యా కూర్చుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. ఇప్పుడు నోటికొచ్చినట్టు తిడతాను కూడా. లేచిపోడు. కూర్చుని వింటాడు.”

“దేవుణ్ణి తిడతావా?”

“మొగుడితో అనలేనివి ఎవరితో అనాలి మరి? ఇంత దగ్గరగా ఆయన్ని నేనెప్పుడూ ఎరగను.”

“అంత గుండెబరువేమిటే నీకు? నాకూ చెప్పు, నేనూ ప్రార్థిస్తా.”

“‘మా అక్కని క్షమించను ప్రభువా, నువ్వొచ్చి అడిగినా క్షమించను.’ రోజూ ఆయనతో ఇదే చెప్తున్నాను. రోజూ నీతో మాట్లాడేవాడు, ఈ ఒక్కమాట మాత్రం నీ చెవిన వెయ్యలేదు చూడు.”